ప్రజావేగు, కోవర్టు, కుట్ర: నిఘా రహస్యాలను బయటపెట్టినవారిపై వదంతుల చరిత్ర – నల్లమల అంచు నుంచి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వ నిఘా గుట్టును బయటపెట్టిన వ్యక్తి చుట్టూ కుట్ర కథనాలు అల్లుకోవడం ఆధునిక చరిత్రలో పదే పదే కనిపిస్తుంది. ఈ కథనాలు ‘అతడు చెప్పింది నిజమేనా’ అన్న ప్రశ్నను పక్కకు నెట్టి, ‘అతడు ఎవరి మనిషి’ అన్న ప్రశ్నను ముందుకు తెస్తాయి. యర్రగొండపాలెం పరిసరాల్లోని నల్లమల అనుభవం, అమెరికాలో వెల్లడైన నిఘా పత్రాల చరిత్ర, తెలుగు రాష్ట్రాల ఫోన్ ట్యాపింగ్ వివాదాలు – ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, అధికారిక రహస్యానికీ ప్రజల అనుమానానికీ గల సంబంధాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. వెల్లడించిన వ్యక్తి నుంచి వెల్లడైన విషయాన్ని విడదీసి పరీక్షించడమే చరిత్రరచనకు సరైన పద్ధతి అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిఘా, ప్రజావేగు, కోవర్టు, కుట్ర కథనం, వదంతి, సాక్ష్యం, నల్లమల, ఫోన్ ట్యాపింగ్.

1. ఉపోద్ఘాతం

మార్కాపురం నుంచి మాచర్ల వెళ్లే దారిలో, నల్లమల అంచున ఉన్న మండల కేంద్రం యర్రగొండపాలెం. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. అప్పట్లో జిల్లా కేంద్రం ఏదైనా ఈ ప్రాంతానికి దూరంగానే ఉండేది. ఆ దూరం వల్ల ఇక్కడి జనానికి ప్రభుత్వం ప్రధానంగా అటవీశాఖ రూపంలోను, పోలీసుశాఖ రూపంలోను పరిచయమైంది. ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల్లోను, 2004–2006 సంవత్సరాల్లోను ఈ అడవి రాష్ట్ర నిఘా వ్యవస్థ పనిచేసిన ముఖ్య క్షేత్రాల్లో ఒకటి.

నిఘా ఉన్నచోట అనుమానం ఉంటుంది. ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలియని స్థితిలో, నోరు విప్పిన ప్రతి మనిషీ ఎవరో ఒకరి మనిషిగా కనిపిస్తాడు. అమెరికా జాతీయ భద్రతా సంస్థ పత్రాలను 2013లో వెల్లడించిన ఎడ్వర్డ్ స్నోడెన్‌ను గూఢచారి అన్నవారి తర్కానికీ, అడవి పల్లెలో నిజం చెప్పిన మనిషిని ‘కోవర్టు’ అన్నవారి తర్కానికీ పోలిక ఉంది. రెండు సమాజాల మధ్య తేడాలు ఎన్ని ఉన్నా, అనుమానం నడిచే తీరు ఒక్కటే. ఆ తీరును వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. మాటల చరిత్ర: వేగు, ప్రజావేగు, కుట్ర

అన్యాయాన్ని లోపలి నుంచి బయటపెట్టే వ్యక్తికి తెలుగు పత్రికలు ‘ప్రజావేగు’ అనే మాటను వాడుకలోకి తెచ్చాయి. ఈ మాట నిర్మాణం గమనించదగినది. ‘వేగు’ అంటే గూఢచారి, గూఢచారి తెచ్చే వార్త. వేగులవాడు రాజు కోసం ప్రజలను కనిపెట్టి చూసేవాడు. ‘ప్రజా’ అన్న పూర్వపదం చేరగానే దిశ తారుమారైంది. ఇప్పుడు వేగు ప్రజల తరఫున పాలకుణ్ణి కనిపెట్టి చూస్తాడు. అయితే మాటలోని పాత అర్థం పూర్తిగా పోలేదు. ప్రజల కోసమైనా అతడు వేగే. అందువల్ల ‘నిజంగా ఎవరి వేగు’ అన్న ప్రశ్నకు మాటలోనే చోటు మిగిలింది. వేగుచుక్క, వేగుజాము వంటి మాటల్లో ఇదే రూపం తెల్లవారడాన్ని సూచిస్తుంది. గూఢచర్యం, వెలుగు ఒకే ధ్వనిరూపాన్ని పంచుకోవడం తెలుగులో యాదృచ్ఛికమే కావచ్చు. ప్రజావేగు పాత్రలోని ద్వంద్వాన్ని మాత్రం అది చక్కగా పట్టిస్తుంది.

గూఢచారుల వార్తలపై సందేహం పాతదే. కౌటిలీయ అర్థశాస్త్రం సన్యాసి, గృహస్థు, వర్తకుడు మొదలైన వేషాల్లో తిరిగే గూఢపురుషులను వర్ణిస్తుంది. ముగ్గురు చారులు చెప్పిన మాట ఏకీభవించినప్పుడే నమ్మాలని నియమిస్తుంది. ఆ చారులకు ఒకరి సంగతి మరొకరికి తెలియకూడదు. ఇక్కడ నమ్మకం చారుని గుణశీలాల మీద కాక, స్వతంత్ర సాక్ష్యాల పొందిక మీద ఆధారపడింది. తెలుగులో రాయవాచకం తురక రాజ్యాల నుంచి కృష్ణదేవరాయలకు చారులు తెచ్చిన వార్తలను కథనంలో భాగం చేసుకుంది. రాజనీతి సంప్రదాయంలో వేగువాడిని నమ్మడం, అతని మాటను పరీక్షించడం వేరువేరు పనులుగానే ఉన్నాయి.

‘కుట్ర’ అన్న మాట ప్రయాణం మరో రకంగా సాగింది. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు రాజకీయ భాషలో కుట్ర మొదట ప్రభుత్వం మోపే నేరం. కాకోరీ కుట్ర కేసు, మీరట్ కుట్ర కేసు వంటి పేర్లు జాతీయోద్యమ కాలంలోనే పరిచితమయ్యాయి. శ్రీకాకుళ ఉద్యమం తర్వాత పార్వతీపురం కుట్ర కేసు వచ్చింది. 1974లో విప్లవ రచయితలను కూడా నిందితులుగా చేర్చి పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు 1989లో కొట్టివేతతో ముగిసింది. దాదాపు పదిహేనేళ్లపాటు ‘కుట్ర’ అన్న ప్రభుత్వ కథనం న్యాయస్థానంలో నిలబడి, చివరకు రుజువు కాలేదు. ఆ తర్వాతి తరంలో అదే మాట జనం నోట పాలకుల మీదికి తిరిగింది. కుట్రను ఆరోపించే అలవాటును తెలుగు సమాజం కొంతవరకు ప్రభుత్వం నుంచే నేర్చుకుందన్న సంగతి ఈ పద చరిత్రలో స్పష్టమవుతుంది.

ఆంగ్లంలోని పదబంధానికి అనువాదంగా ‘కుట్ర సిద్ధాంతం’ వాడుకలో ఉన్నా, ‘కుట్ర కథనం’ అన్నది మరింత తగిన మాట. సిద్ధాంతం ఖండనకు లొంగాలి. కుట్ర కథనం ఖండనను కూడా కుట్రలో భాగంగా కలుపుకొంటుంది.

3. నల్లమల అంచున అనుమానం

1980లో పీపుల్స్‌వార్ ఏర్పడింది. 1989లో గ్రేహౌండ్స్ దళాలు వచ్చాయి. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధం అమలైంది. ఈ క్రమంలో నల్లమల అంచు పల్లెలు, చెంచుగూడేలు రెండు సమాచార వ్యవస్థల మధ్య చిక్కాయి. దారి చూపినవాడు, అన్నం పెట్టినవాడు పోలీసు దృష్టిలో సానుభూతిపరుడు. పోలీసుస్టేషన్ మెట్లెక్కినవాడు దళం దృష్టిలో ఇన్ఫార్మర్. ‘ఇన్ఫార్మర్’, ‘కోవర్టు’ అన్న ఆంగ్ల పదాలు ఈ కాలంలోనే పల్లె తెలుగులో కలిసిపోయాయి. మొదటిది బయటి నుంచి వార్త చేరవేసేవాడిని, రెండవది లోపల మనిషిగా ఉంటూ పని చేసేవాడిని సూచిస్తాయి. ఈ ముద్రల పర్యవసానం తరచుగా మరణం.

2004లో ప్రభుత్వంతో శాంతి చర్చలకు వచ్చిన నక్సలైటు ప్రతినిధులు అక్టోబరులో నల్లమల నుంచి చిన్న ఆరుట్ల వద్ద వెలుపలికి వచ్చారు. పల్నాటిలోని గుత్తికొండలో సభ జరిగింది. అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాదులో చర్చలు సాగాయి. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వాన 1997 నుంచి పనిచేసిన పౌరస్పందన వేదిక ఈ చర్చలకు చాలా కాలంగా దారి వేసింది. 2005 జనవరిలో చర్చల ప్రక్రియ విచ్ఛిన్నమైంది. ఆగస్టులో మళ్లీ నిషేధం వచ్చింది. 2006 జూలైలో మావోయిస్టు పార్టీ రాష్ట్ర కార్యదర్శి మాధవ్, మరికొందరు ప్రకాశం జిల్లా నల్లమలలో పోలీసు కాల్పుల్లో మరణించారు.

చర్చల కాలాన్ని ఇరుపక్షాలూ నిఘా కోణం నుంచి చదివాయి. బలం కూడగట్టుకోవడానికే నక్సలైట్లు చర్చలకు వచ్చారన్నది ఒక కథనం. అజ్ఞాతంలోని నాయకుల ఆనుపానులు కనిపెట్టడానికే ప్రభుత్వం చర్చలు జరిపిందన్నది మరొక కథనం. ప్రతి నష్టం తర్వాత ‘లోపలి మనిషి ఎవరు’ అన్న ప్రశ్న వచ్చింది. దీన్ని కేవలం భ్రమగా కొట్టివేయడానికి వీల్లేదు. కోవర్టులు నిజంగానే ఉన్నారు. ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ హత్య కేసులో నిందితుడైన మాజీ నక్సలైటు నయీముద్దీన్ 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో పోలీసు కాల్పుల్లో మరణించాడు. ఆ తర్వాత అతని నేరసామ్రాజ్యంపైనా, పోలీసులతో అతని సంబంధాల ఆరోపణలపైనా దర్యాప్తుకు ప్రత్యేక బృందం వేయవలసి వచ్చింది. నిజమైన కోవర్టులు ఉన్నారన్న ఎరుక, ఎవరి మీదనైనా ఆ ముద్ర వేయడానికి వీలు కల్పించింది.

ఇక్కడ అత్యధిక మూల్యం చెల్లించినవారు నిజనిర్ధారణకు పూనుకున్న పౌరహక్కుల కార్యకర్తలు. ఎదురుకాల్పులుగా ప్రకటించిన సంఘటనల వెనుక ఏం జరిగిందో ఊళ్లకు వెళ్లి అడిగి రాయడం వారి పని. ఆ అర్థంలో వారు ప్రజావేగులు. డాక్టర్ రామనాథం 1985లో వరంగల్లులోను, నర్రా ప్రభాకరరెడ్డి 1991లోను, పురుషోత్తం 2000లోను, ఆజం అలీ 2001లోను హత్యకు గురయ్యారు. వారి నివేదికలు చెప్పిన వాస్తవాలకు జవాబు చెప్పడం కంటే వారిని ‘నక్సలైట్ల మనుషులు’ అనడమే తేలికైంది. మరోవైపు, నక్సలైట్ల హింసను కూడా పౌరహక్కుల ఉద్యమం విమర్శించాలని పట్టుబట్టిన కె. బాలగోపాల్ 1998లో మానవహక్కుల వేదిక స్థాపనలో భాగమయ్యారు. ఇన్ఫార్మర్ పేరిట జరిగే హత్యలను ఆయన తప్పుపట్టారు. ఆయనపై విమర్శ రెండు వైపుల నుంచీ వచ్చింది. రెండు పక్షాలూ ‘నువ్వు ఎవరి మనిషివి’ అని అడిగే చోట, ఎవరి మనిషీ కానివాడు చెప్పే మాటకు నిలబడే స్థలం చాలా ఇరుకు.

4. ముద్ర వేయడమే ఆయుధమైనప్పుడు

అనుమానం దానంతటదే పుడుతుందా, పుట్టిస్తారా అన్న ప్రశ్నకు అమెరికా చరిత్రలో పత్రాల ఆధారం ఉంది. 1971 మార్చి 8 రాత్రి పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మీడియా అనే చిన్న పట్టణంలో ఎఫ్‌బీఐ కార్యాలయంలోకి కొందరు యుద్ధ వ్యతిరేకులు చొరబడి దస్త్రాలు తీసుకువెళ్లి పత్రికలకు పంపారు. ‘కోయింటెల్‌ప్రో’ అనే రహస్య కార్యక్రమం పేరు ఆ విధంగా లోకానికి తెలిసింది. 1956 నుంచి 1971 వరకు నడిచిన ఆ కార్యక్రమాన్ని సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1975–76లో విచారించింది. అప్పుడు వెలుగులోకి వచ్చిన పద్ధతుల్లో ఒకటి ఇన్ఫార్మర్ కాని కార్యకర్తను ఇన్ఫార్మర్‌గా తోటివారికి నమ్మించడం. ఉద్యమాన్ని అణచడానికి నిజమైన గూఢచారి కంటే గూఢచారి ఉన్నాడన్న పుకారే చవకైన సాధనమైంది.

ఈ ఉదాహరణ రెండు పాఠాలు చెబుతుంది. మొదటిది, ప్రభుత్వ కుట్రలు నిజంగా జరుగుతాయి. వాటి గురించి మాట్లాడే ప్రతి ఒక్కరినీ అపోహపరుడు అనడం చరిత్రకు విరుద్ధం. రెండవది, బయటపెట్టిన దస్త్రాల ప్రామాణ్యం వాటిని తెచ్చినవారి గుర్తింపు మీద ఆధారపడలేదు. మీడియా పట్టణంలో చొరబడినవారెవరో లోకానికి నాలుగు దశాబ్దాలకు పైగా తెలియదు. 2014లో కొందరు తమంతట తామే బయటపడ్డారు. అప్పటికే దస్త్రాలు విచారణలో నిగ్గుతేలాయి.

స్నోడెన్ విషయంలో దీనికి విరుద్ధంగా జరిగింది. వెల్లడించిన వ్యక్తి పేరు, ముఖం మొదటి వారంలోనే లోకానికి తెలిశాయి. కథనాలూ అంతే త్వరగా అతని చుట్టూ చేరాయి. అతడు రష్యా లేదా చైనా గూఢచారి అన్నది ఒకటి. అమెరికా గూఢచార సంస్థే కొంత నిజాన్ని వదిలి పెద్ద నిజాన్ని దాచడానికి అతణ్ణి పంపిందన్నది మరొకటి. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు. అయినా రెండింటి ఫలితం ఒకటే: పత్రాల మీద నుంచి చూపు మనిషి మీదికి మళ్లింది. 2013 జూన్ 23న అతడు మాస్కో చేరుకోవడం, 2022లో రష్యా పౌరసత్వం పొందడం మొదటి కథనానికి బలంగా చూపుతారు. ఈ రెండు సంగతులూ వాస్తవమే. కానీ పత్రాల సత్యాసత్యాలు వాటివల్ల మారవు.

పత్రాల సత్యం వేరే చోట తేలింది. అమెరికా పౌరుల సమాచారాన్ని పెద్దఎత్తున సేకరించడం లేదని జాతీయ గూఢచార విభాగాధిపతి జేమ్స్ క్లాపర్ 2013 మార్చి 12న సెనేట్ కమిటీ ముందు చెప్పారు. జూన్‌లో వెలువడిన పత్రాలు అది నిజం కాదని చూపాయి. టెలిఫోన్ వివరాల మూకుమ్మడి సేకరణకు చట్టం అనుమతించలేదని 2015 మేలో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. జూన్‌లో ఆ పద్ధతిని ఆపే చట్టం వచ్చింది. న్యాయస్థానం స్నోడెన్ శీలాన్ని తూచలేదు, కార్యక్రమాన్ని తూచింది.

ఆ పత్రాల్లో భారతదేశానికి నేరుగా సంబంధించిన అంశం ఉంది. 2013 మార్చి ఒక్క నెలలో భారతదేశం నుంచి 630 కోట్ల సమాచార అంశాలు సేకరించినట్లు, ఆ వరుసలో దేశం అయిదో స్థానంలో ఉన్నట్లు అవి చూపాయి. స్నోడెన్ కోరిన ఆశ్రయాన్ని భారత ప్రభుత్వం జూలైలో నిరాకరించింది. తెలుగువారిలో ఎంతోమంది పనిచేసే సాఫ్ట్‌వేర్ రంగానికి అత్యంత సన్నిహితమైన ఈ విషయం కంటే, స్నోడెన్ ఏ దేశంలో తలదాచుకుంటాడన్నదే ఎక్కువ ఆకర్షించింది.

5. తెలుగు రాష్ట్రాల్లో ఫోన్ ట్యాపింగ్: రహస్యం వదిలిన ఖాళీ

భారతదేశంలో ఫోన్ సంభాషణలు వినడానికి 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం అధికారమిచ్చింది. 1988లో ఈ వివాదంపైనే కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. పౌరహక్కుల ప్రజాసంఘం వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబరు 18న సుప్రీంకోర్టు నిబంధనలు విధించింది. హోం కార్యదర్శి ఉత్తర్వు, రెండు నెలల గడువు, మొత్తం ఆరు నెలల పరిమితి, సమీక్షా కమిటీ వాటిలో ముఖ్యమైనవి. ఆ సమీక్ష అంతా ప్రభుత్వ అధికారుల మధ్యనే జరుగుతుంది. సంభాషణను విన్న సంగతి ఆ పౌరుడికి తెలియదు. అందువల్ల నియమం పాటించారో లేదో తెలుసుకునే ఏకైక మార్గం లోపలి నుంచి ఎవరైనా చెప్పడమే. ప్రజావేగు అవసరం ఈ నిర్మాణంలోనే ఉంది. అతనిపై అనుమానానికి అవకాశమూ అందులోనే ఉంది.

2015లో ఓటుకు నోటు కేసు సందర్భంగా ప్రసారమైన సంభాషణలపై రెండు తెలుగు రాష్ట్రాలు పరస్పరం ఆరోపించుకున్నాయి. సంభాషణలో ఏముంది అన్నది ఒక పక్షం ప్రశ్న, అది ఎలా బయటికి వచ్చింది అన్నది మరో పక్షం ప్రశ్న. రెండూ సమంజసమైన ప్రశ్నలే. ఒకదాన్ని మరొకదానికి జవాబుగా వాడడమే చిక్కు. 2021 జూలైలో పెగసస్ వెల్లడుల తర్వాత, తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం అక్టోబరు 27న సాంకేతిక కమిటీని నియమించింది. పరీక్షించిన 29 ఫోన్లలో అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉందని, అది పెగసస్ అని తేల్చలేమని, కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో వెల్లడైంది. ‘లేదు’ అనీ ‘ఉంది’ అనీ తేలని ఆ జవాబులో రెండు పక్షాలూ తమ కథనాలకు బలం వెతుక్కున్నాయి.

2022 మార్చిలో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మమతా బెనర్జీ శాసనసభలో చేసిన వ్యాఖ్యతో ఆంధ్రప్రదేశ్‌లో మునుపటి ప్రభుత్వం పెగసస్ కొన్నదా అన్న చర్చ రేగింది. తెలుగుదేశం పార్టీ దాన్ని ఖండించింది. రాష్ట్ర పోలీసుశాఖ పెగసస్ కొనలేదని 2021లో సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబు కూడా చర్చలోకి వచ్చింది. శాసనసభ భూమన కరుణాకరరెడ్డి అధ్యక్షతన సభాసంఘాన్ని వేసింది. ఒక ప్రకటన, ఒక ఖండన, ఒక సంఘం ఉన్నాయి. అందరూ చదవగల మూలపత్రం మాత్రం లేదు.

తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన కేసు నల్లమల చరిత్రతో ముడిపడుతుంది. మావోయిస్టుల సమాచారం సేకరించడానికే ఉమ్మడి రాష్ట్రంలో పెంపొందిన ప్రత్యేక నిఘా విభాగం, అంటే ఎస్‌ఐబీ, రాజకీయ నాయకుల, పాత్రికేయుల, న్యాయమూర్తుల ఫోన్లపై నిఘా పెట్టిందన్నది ఆరోపణ. రాజకీయులను కూడా మావోయిస్టు సానుభూతిపరులుగా చూపి అనుమతులు తెచ్చుకున్నారని, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులను ధ్వంసం చేశారని దర్యాప్తు బృందం ఆరోపించింది. నిందితులు వీటిని ఖండించారు. నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానం. అయితే, అడవి అంచు మనుషుల కోసం తయారైన ‘సానుభూతిపరుడు’ అన్న ముద్ర రాజధాని నాయకుల దాకా సాగిందన్న ఆరోపణే చరిత్రపరంగా గమనించదగింది. చెంచుగూడెంలో ఆ ముద్ర పడినప్పుడు అడిగే యంత్రాంగం లేకపోవడం వల్లనే అది అంత దూరం ప్రయాణించగల స్థితి ఏర్పడింది. ఇక హార్డ్‌డిస్కులు నిజంగా ధ్వంసమై ఉంటే, చరిత్రకారునికి మిగిలేది సాక్ష్యం కాదు, వదంతి మాత్రమే.

6. పరిశీలనకు కొలమానాలు

వదంతికి కర్త ఉండడని, నోటి నుంచి నోటికి సాగుతూ ప్రతివాడి భయాన్నీ తనలో కలుపుకొంటుందని రైతాంగ తిరుగుబాట్లపై రణజిత్ గుహ 1983లో ప్రచురించిన అధ్యయనం వివరించింది. ఆ దృష్టితో చూస్తే, వదంతి అబద్ధమైనప్పటికీ దాన్ని నమ్మిన సమాజపు అనుభవానికి సాక్ష్యమే. ‘కోవర్టు’ భయం ఒక వ్యక్తి గురించి తప్పు చెప్పవచ్చు. ఆ ఊరు ఎంత నిఘాలో బతికిందో మాత్రం సరిగా చెబుతుంది. కాబట్టి పరిశోధకుడు వదంతిని వాస్తవంగా స్వీకరించకూడదు, చెత్తగా పారవేయకూడదు.

పరీక్షకు నాలుగు ప్రశ్నలు ఉపకరిస్తాయి. వెల్లడించిన వ్యక్తి పేరును తొలగిస్తే వెల్లడైన విషయం నిలుస్తుందా? అతనితో సంబంధం లేని మరొక ఆధారం దాన్ని సమర్థిస్తుందా? ఆరోపణ తప్పని తేల్చగల సాక్ష్యం ఏదో ముందే చెప్పగలమా? వ్యక్తిపై వచ్చిన కథనం వల్ల ఏ ప్రశ్న చర్చ నుంచి తప్పుకుంది? రెండవ ప్రశ్న కౌటిల్యుని ముగ్గురు చారుల నియమానికి ఆధునిక రూపమే. నాలుగవది ముఖ్యంగా మన కాలానికి అవసరం. ఉద్దేశాన్ని విచారించడం మూలవిమర్శలో న్యాయమైన భాగమే. అయితే ఉద్దేశం చెడ్డదని తేలినంత మాత్రాన పత్రం అబద్ధం కాదు, ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పత్రం నిజమూ కాదు.

7. ముగింపు

బీహార్‌లోని గయలో రహదారి పనుల అవినీతిని ప్రధాని కార్యాలయానికి తెలిపిన ఇంజినీరు సత్యేంద్ర దూబే 2003 నవంబరులో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత వచ్చిన ఒత్తిడితో 2014లో ప్రజావేగుల రక్షణ చట్టం పార్లమెంటు ఆమోదం, రాష్ట్రపతి సమ్మతి పొందింది. అమలు తేదీ ప్రకటించకుండానే సంవత్సరాలు గడిచాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం మాత్రం అమలులోనే ఉంది. నోరు విప్పేవాడికి రక్షణ లేని చోట అజ్ఞాత లీకులు పెరుగుతాయి. అజ్ఞాత లీకు ఎవరిదో తెలియనందున కుట్ర కథనం పెరుగుతుంది. ఆ కథనం తర్వాత నోరు విప్పేవాడి మీద పడుతుంది. ఈ వలయాన్ని ప్రజల అజ్ఞానానికి ఆపాదించడం సులభం. దాని మూలం సాక్ష్యాన్ని మూసిపెట్టే పాలనా పద్ధతిలో ఉంది.

యర్రగొండపాలెం పరిసర గ్రామాల్లో ఆ సంవత్సరాలను చూసినవారు ఇంకా ఉన్నారు. ఎవరిని ఇన్ఫార్మర్ అన్నారు, ఎవరిని సానుభూతిపరుడు అన్నారు, ఏ ఆధారంతో అన్నారు అన్నవి వారి జ్ఞాపకంలో ఉన్నాయి. ఆ మౌఖిక చరిత్రను చెప్పినవారి పేర్లకు రక్షణ కల్పిస్తూ, ఒక్కొక్క కథనాన్ని స్వతంత్ర ఆధారాలతో సరిచూస్తూ సేకరించడం తెలుగు పరిశోధన ముందున్న పని. పోలీసు దస్త్రాలు తెరుచుకునే దాకా ఆగితే ఆ గొంతులు మిగలవు. ముద్రలు మాత్రం మిగులుతాయి.